పశువు, ఫీజు: ఆస్ట్రేలియా పశువైద్యం ఎవరికోసం పుట్టింది?

1973 అక్టోబరులో ఆస్ట్రేలియాలో మొదటిసారిగా 50 డాలర్ల నోటు చలామణీలోకి వచ్చింది. దాని మీద ఒకవైపు హోవర్డ్ ఫ్లోరీ. అడిలైడ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్‌ను రోగికి ఇవ్వదగిన మందుగా తీర్చిదిద్ది, 1945లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్న వైద్య శాస్త్రజ్ఞుడు. రెండోవైపు ఇయన్ క్లూనీస్ రాస్. సిడ్నీలో చదువుకున్న పశువైద్యుడు. గొర్రెలను పీడించే పరాన్నజీవుల మీద పరిశోధన చేసి, 1949లో సీఎస్‌ఐఆర్‌ఓ అనే జాతీయ పరిశోధన సంస్థకు మొదటి అధ్యక్షుడైనవాడు. ఒకే కాగితానికి ఒక ముఖాన మనుషుల డాక్టరు, ఇంకో ముఖాన పశువుల డాక్టరు. 1995లో ప్లాస్టిక్ నోటు వచ్చేదాకా ఈ దేశపు జేబుల్లో వారిద్దరూ వీపు వీపు ఆనించుకుని తిరిగారు. నేను వచ్చేసరికి ఆ నోటు కనుమరుగైంది. పాత నాణేలమ్మే దుకాణంలో ఒకటి కొని దాచుకున్నాను.

తన కరెన్సీ నోటు మీద పశువైద్యుడికి చోటిచ్చిన దేశంలో, ఇవాళ పశువైద్యుల మాట ఎత్తితే వినబడేది బిల్లుల గురించిన కోపం. అక్కర్లేని పరీక్షలు రాస్తారని, జబ్బేమిటో చెప్పకముందే ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతారని, కుక్క మీద మనకున్న ప్రేమను సొమ్ము చేసుకుంటారని. మా ఆసుపత్రి క్యాంటీనులో, మెల్‌బోర్న్ తెలుగు కుటుంబాల విందుల్లో, పిల్లల పోరు పడలేక కుక్కపిల్లను తెచ్చుకున్న ప్రతి ఇంట్లో ఈ మాటలు విన్నాను. నేనూ అన్నాను. ఈ కోపం ఉత్తుత్తి కోపమేమీ కాదు. అయితే అది ఎవరి మీదికి పోవాలన్నది తేల్చుకోవడానికి నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. ఈ దేశంలో పశువైద్యాన్ని రాజ్యం తన మందల కోసం కట్టుకుంది. కుక్క ఇంట్లోకి వచ్చి కుటుంబసభ్యురాలైనప్పుడు రాజ్యం మాత్రం దానితోబాటు గడప దాటి లోపలికి రాలేదు.

ముందుగా ఒక మాట ముచ్చట. సంస్కృతంలోని 'పశు', లాటిన్‌లో పశువును చెప్పే 'పెకుస్', ధనాన్ని చెప్పే 'పెకూనియా' ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంగ్లీషు 'ఫీ' వెనకా పాతకాలపు 'ఫెయోహ్' ఉంది. దానికి పశువు అనీ, ధనమనీ రెండర్థాలు. తెలుగు కూడా ఈ విషయంలో వెనకబడలేదు. సొమ్ములంటే నగలు, డబ్బు మాత్రమే కాదు, కొన్ని ప్రాంతాల్లో గొడ్లు కూడా. 'పశువుల డాక్టరు ఫీజు' అన్నప్పుడు మనం ఒకే మాటను రెండుసార్లు అంటున్నామన్నమాట. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం ఎద్దుకో గాడిదకో కష్టమైన శస్త్రచికిత్స చేసి బతికించిన వైద్యుడికి షెకెల్‌లో ఆరోవంతు ప్రతిఫలం నిర్ణయించింది. పశువు చస్తే దాని వెలలో కొంత భాగం వైద్యుడే యజమానికి ఇచ్చుకోవాలి. అదే శాసనంలో, ఉన్నత వర్గపు మనిషిని బతికించిన వైద్యుడికి పది షెకెళ్లు. పశువు విలువ ఎంతో వైద్యం విలువ అంతలో ఉండాలన్నది అప్పటి లెక్క. ఆ లెక్కకు ఎదురుతిరిగింది కుక్కే.

మందకు వైద్యం

1858లో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్‌కు ఓడలో దిగిన పశువులతోపాటు ఊపిరితిత్తులను తినేసే ఒక అంటువ్యాధి దిగింది. పశువుల ప్లూరోనిమోనియా అంటారు. ఎద్దుబళ్ల దారుల వెంట ఉత్తరానికి పాకి, కంచెలు లేని మేత బీళ్లలో అది దశాబ్దాలపాటు మందలను తుడిచిపెట్టింది. దేశం నుంచి దాన్ని పూర్తిగా తొలగించామని ప్రకటించడానికి 1973 దాకా పట్టింది. నూటపదిహేనేళ్ల యుద్ధమది. అప్పటి వలసరాజ్యాల బతుకంతా ఉన్ని మీద, మాంసం మీద, తోళ్ల మీద ఆధారపడి ఉండేది. చదువుకున్న పశువైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగిలినదంతా నాటువైద్యుల, గుర్రపు లాడాలు కొట్టేవాళ్ల చేతిలో ఉండేది.

విలియం టైసన్ కెండల్ అనే ఇంగ్లీషు పశువైద్యుడు 1880లో మెల్‌బోర్న్ వచ్చాడు. ఆయనా, మరికొందరూ పట్టుబట్టగా విక్టోరియాలో 1887లో పశువైద్యుల నమోదు చట్టం వచ్చింది. ఆస్ట్రేలియాలో అటువంటి చట్టాల్లో అదే మొదటిది. మరుసటి ఏడాది ఫిట్జ్‌రాయ్‌లోని బ్రన్స్‌విక్ వీధిలో కెండల్ సొంతంగా పశువైద్య కళాశాల తెరిచాడు. ఇప్పుడా వీధి నిండా కాఫీ హోటళ్లు. రెండు దశాబ్దాల తరువాత మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం ఆ బాధ్యత తీసుకుంది. అక్కడ ఆచార్యుడిగా వచ్చిన జాన్ గిల్రూత్ చరిత్ర చిత్రమైనది. 1912లో ఆయన్ను ఉత్తర ప్రాంతానికి పరిపాలకుడిగా పంపారు. అంత విశాలమైన భూభాగాన్ని పశువైద్యుడి చేతిలో పెట్టడానికి కారణం, అక్కడ ప్రభుత్వానికి కనిపించిన భవిష్యత్తు పశుసంపదే కావడం. మనుషులను మేపడం ఆయనకు చేతకాలేదు. 1918 చివర డార్విన్‌లో జనం తిరగబడి ఇంటి మీదికి వచ్చారు. తరువాత ఆయన జాతీయ పరిశోధన సంస్థలో పశుఆరోగ్య విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ సంస్థ ప్రోద్బలంతోనే 1933లో అమెరికా నుంచి బ్రాహ్మణ్ జాతి పశువులు క్వీన్స్‌లాండ్‌కు వచ్చాయి. ఆ జాతిని అమెరికాలో రూపొందించింది గిర్, గుజరాత్, కృష్ణా లోయ పశువులతోపాటు మన ఒంగోలు పశువుల నెత్తురుతో. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో కారాపి చూస్తే, ఎండకు చలించకుండా మూపురం ఊపుకుంటూ నడిచే ఆ మందలో మన జిల్లాల చుట్టరికం కాస్త ఉంది. ప్రకాశం జిల్లా వాణ్ని కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈ చరిత్రలో రాజ్యం ఎక్కడా పిసినారితనం చూపలేదు. 1931లో సిడ్నీ విశ్వవిద్యాలయ ఆవరణలో మెక్‌మాస్టర్ పశుఆరోగ్య ప్రయోగశాల వెలిసింది. కట్టడానికి డబ్బిచ్చినవాడు గొర్రెల ఆసామి, నడిపింది జాతీయ పరిశోధన సంస్థ, అధిపతి క్లూనీస్ రాస్. 1970లో పశువుల క్షయ, బ్రూసెల్లా వ్యాధుల నిర్మూలన కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలై, 1997లో క్షయరహిత దేశమని ప్రకటించుకునేదాకా సాగింది. ప్రతి మందనూ పరీక్షించారు, అడవిపట్టిన పశువులను హెలికాప్టర్ల నుంచి కాల్చారు, యజమానులకు నష్టపరిహారం చెల్లించారు. ఎవరూ ఆ ఖర్చు ఎందుకని అడగలేదు. ఎగుమతి నిలవాలంటే మంద ఆరోగ్యంగా ఉండాలి. అంతే లెక్క.

మా ఊళ్లో నేను చూసిన పశువుల ఆసుపత్రి వెనకా ఉన్నది ఈ లెక్కే. 1970లలో మా ఊరి బడి పక్కన ఒక పెంకుటిల్లు, ముందు నాలుగు దుంగలతో కట్టిన బోను. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు సీజన్లలో గేదెలు వరసకట్టేవి. డబ్బు ప్రసక్తి ఉండేది కాదు. డాక్టరుగారు దొరకడమే సమస్య. ఆ బోనులోకి కుక్కను ఎక్కించడం నేనెప్పుడూ చూడలేదు. కుక్క మా ఊళ్లో వైద్యుడి కంట పడేది ఒకే సందర్భంలో, ఎవరినో కరిచినప్పుడు. అప్పుడు కూడా చికిత్స మనిషికే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. కుక్కకు కర్ర.

గడప లోపల

ఆస్ట్రేలియా నగరాల్లో పేదవాడి కుక్కను, పిల్లిని, బండిగుర్రాన్ని చూసుకోవలసిన బాధ్యత దాతల మీద పడింది. మెల్‌బోర్న్‌లో 1871లోనే జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. 1927లో లూయిసా లార్ట్ స్మిత్, ఆమె సహచరులు జంతు సంక్షేమ సంఘాన్ని నెలకొల్పి, స్తోమత లేనివారి జంతువులకు ఉచిత వైద్యం అందించే పని తలకెత్తుకున్నారు. 1936లో, ఆర్థికమాంద్యపు దెబ్బ నుంచి నగరం ఇంకా తేరుకోని రోజుల్లో, నార్త్ మెల్‌బోర్న్‌లో వారి ఆసుపత్రి తెరుచుకుంది. ఇప్పటికీ ఆ పేరుతోనే అక్కడే ఉంది. ఇదే కాలంలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పశువైద్య పట్టభద్రులను తయారుచేయడం మానేసింది, విద్యార్థులు చాలక. మళ్లీ మొదలుపెట్టింది 1960లలో. ఒకవైపు చేర్చుకునేవారు లేక చదువు మూతపడింది, ఇంకోవైపు పేదల జంతువులతో ఆసుపత్రి నిండింది. వైద్యం అవసరమైన జంతువులకు కొదవలేదు. డబ్బు చెల్లించగల జంతువులే తక్కువ. 

యుద్ధం తరువాత శివార్లు పెరిగాయి, పెరళ్లు వచ్చాయి, పెరట్లోని కుక్క నెమ్మదిగా వంటింట్లోకి, అక్కడి నుంచి మంచం మీదికి చేరింది. దానితోపాటు వైద్యమూ మారింది. ఎక్స్‌రే, మత్తు, అల్ట్రాసౌండు, కీళ్ల శస్త్రచికిత్స, కీమోథెరపీ, వెంటిలేటరు. 1971లో ఆస్ట్రేలియా పశువైద్య శాస్త్రజ్ఞుల కళాశాల ఏర్పడి, మా వైద్యరంగంలోలాగే నిపుణుల పరంపరకు దారి వేసింది. 2022 నాటి ఒక పరిశ్రమ నివేదిక ప్రకారం ఈ దేశంలో 69 శాతం ఇళ్లలో పెంపుడు జంతువులున్నాయి, మొత్తం 2.87 కోట్లు. మనుషుల జనాభా కన్నా ఎక్కువ.

సరిగ్గా ఇదే కాలంలో మనుషుల వైద్యానికి బిల్లు కనబడకుండా పోయింది. 1975 జులై 1న మెడిబ్యాంక్, దాన్ని సగం చంపాక 1984 ఫిబ్రవరి 1న మెడికేర్. ప్రభుత్వ ఆసుపత్రిలో నా రోగి ఎవరూ తన సీటీ స్కాన్ ధర ఎంతో ఎరగడు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ముప్పై ఏళ్లలో ఒక్కసారి రాలేదు. ఆస్ట్రేలియావాసికి ఆధునిక వైద్యం అసలు ధర కళ్లకు కట్టే చోటు బహుశా పశువైద్యశాల ఒక్కటే. అదే యంత్రం, అదే మత్తుమందు, అదే కుట్టుదారం, వెనక పన్నుల సొమ్ము మాత్రం లేదు. పైగా 2000 జులై 1న జీఎస్‌టీ వచ్చినప్పుడు మనుషుల వైద్యసేవలను మినహాయించారు, జంతువులవి మినహాయించలేదు. బిల్లు చివరి వరుసలో ప్రభుత్వం చేయి కనబడుతుంది. అయితే అది ఇచ్చే చేయి కాదు, పుచ్చుకునే చేయి.

నాలుగేళ్ల కిందట, వేసవిలో ఒక రాత్రి, మా కెల్పీ కుక్క పెరటి వాకిట్లో కూలబడింది. ఒక నిమిషంలో లేచి తోక ఊపింది కూడా. మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ కూలబడి లేవడం నచ్చలేదు. అరగంటలో దాని వెనక కాళ్లు తడబడ్డాయి, కనుపాపలు పెద్దవై వెలుతురుకు కదలడం మానేశాయి. టైగర్ స్నేక్. నగర శివార్లలో, వాగుల పక్కన ఉండేవారికి పరిచయమైన పామే. అత్యవసర పశువైద్యశాలలో, రాత్రి ఒంటిగంటకు, మా అమ్మాయి వయసున్న డాక్టరు ఒక కాగితం నా ముందుంచి, తక్కువలో ఇంత, ఎక్కువలో ఇంత అని వేలితో చూపించి, "ఎంతవరకు వెళ్లమంటారు?" అని అడిగింది. ఎక్కువలో చూపిన అంకె ఏడువేల డాలర్లు. ఆ పాము విషానికి విరుగుడు ఈ దేశంలో 1930 నుంచి తయారవుతోంది, ప్రభుత్వ సీరం ప్రయోగశాలలో మొదలై. అటువంటి విరుగుడును నేను మనుషులకు ఎక్కించాను. ఎక్కించే ముందు ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. అడగాలన్న ఊహే రాలేదు. ఆ అమ్మాయి మాత్రం రాత్రికి ఐదారుసార్లు అడుగుతుంది.

సంతకం పెట్టి బయటికొచ్చి కూర్చున్నాను. ఎదురు కుర్చీలో, సిమెంటు మరకల బూట్లతో ఒక యువకుడు. అతని కుక్కకు పేగు మెలిపడిందట. అతనికీ అటువంటి కాగితమే వచ్చింది. రెండుసార్లు బయటికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. తరువాత లోపలికి పిలిచారు. పావుగంటకు ఖాళీ పట్టీ చేతికి చుట్టుకుని వచ్చాడు. ఇటువంటి మరణాన్ని వాళ్లు ఆర్థిక కారుణ్యమరణం అంటారని తరువాత తెలిసింది. నా జేబులో క్రెడిట్ కార్డు ఉంది. నేనేమీ అనలేదు. మా కుక్క బతికింది.

ఎవరి పక్షం?

అమెరికన్ తత్త్వవేత్త బెర్నార్డ్ రోలిన్ పశువైద్య నీతిశాస్త్రంలో ఒక ప్రశ్న స్థిరపరిచాడు: పశువైద్యుడు కారు మెకానిక్ లాంటివాడా, పిల్లల డాక్టరు లాంటివాడా? మెకానిక్ అయితే యజమాని చెప్పినంతవరకే బాగుచేయాలి. వద్దంటే తుక్కుకు పంపాలి. పిల్లల డాక్టరైతే తల్లిదండ్రులు వద్దన్నా బిడ్డ పక్షాన నిలబడాలి. చట్టం ఇప్పటికీ మొదటి జవాబునే నమ్ముతోంది. రాజధాని ప్రాంతం 2019లో జంతువులను అనుభూతి గల ప్రాణులుగా చట్టంలో గుర్తించినా, కుక్క ఆస్తే. యజమాని గుండె రెండో జవాబు చెబుతుంది. ఈ రెండింటి నడుమ ఇరుక్కున్న వైద్యుడికి న్యూ సౌత్ వేల్స్ నియమావళి మరో మెలిక పెట్టింది: తన కళ్లెదుట ఉన్న జంతువు బాధను తగ్గించడానికి నిరాకరించకూడదు. సరైన నియమమే. దాని ఖర్చెవరిదో మాత్రం అందులో లేదు. రోడ్డు మీద కారు గుద్దిన కంగారూనో, పోసమ్‌నో ఎవరో పుణ్యాత్ముడు తువ్వాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టిపోతే, ఆ చికిత్స చాలాచోట్ల ఆ డాక్టరు జేబులోంచే.

ఈ అనుమానం, ఈ కోపం ఎంత దూరం పోగలవో తెలియడానికి హెండ్రా వైరస్ కథను మించినది లేదు. 1994లో బ్రిస్బేన్‌లోని హెండ్రా అనే పేటలో పందెపు గుర్రాలు వరసగా ఊపిరాడక చచ్చిపోయాయి. వాటి శిక్షకుడూ చనిపోయాడు. గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు సోకే కొత్త వైరస్ అని తేలింది. మనుషుల్లో నమోదైనవి ఏడు కేసులు, అందులో నలుగురు మరణించారు. ఆ నలుగురిలో ఇద్దరు పశువైద్యులు. ఒకరు 2008లో, ఇంకొకరు 2009లో, జబ్బు గుర్రాన్ని పరీక్షించిన పాపానికి. 2012 చివర్లో సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధన ఆధారంగా గుర్రాలకు టీకా వచ్చింది. కథ అక్కడితో సుఖాంతం కావలసింది.

కాలేదు. టీకా ధర, పదేపదే వేయించవలసి రావడం, కొన్ని గుర్రాలకు దుష్ప్రభావాలు వచ్చాయన్న ఆరోపణలు కలిసి గుర్రాల యజమానుల్లో ఒక వర్గం పశువైద్యుల మీద తిరగబడింది. టీకా వేయని గుర్రాన్ని ముట్టుకోమని చాలామంది వైద్యులు చెప్పడంతో ఆ కోపం రెట్టింపైంది. మందు అమ్ముకోవడానికి చికిత్సను పణంగా పెడుతున్నారని ఒకరు. ఇద్దరు సహచరులను పాతిపెట్టి వచ్చినవాళ్లం, మా పిల్లలు మాకు లేరా అని ఇంకొకరు. పైగా పని స్థల భద్రతా చట్టం కింద క్వీన్స్‌లాండ్‌లో కొందరు పశువైద్యుల మీదే కేసులు నడిచాయి, హెండ్రా ప్రమాదం నుంచి తమ చుట్టూ ఉన్నవాళ్లను కాపాడలేదని. చికిత్స చేస్తే చట్టం పట్టుకుంటుంది, చేయకపోతే జనం తిడతారు. 2016లో రాష్ట్ర శాసనసభా సంఘం సరిగ్గా ఈ విషయం మీదే, టీకానూ దాని విషయంలో పశువైద్యుల ప్రవర్తననూ విచారించింది. టీకా తయారీ సంస్థ మీద యజమానులు వేసిన సామూహిక దావాను 2022లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. 

కోవిడ్ కాలంలో మా వైద్యులకు ఎదురైన మాటలు ఆ గుర్రాలశాలల్లో దాదాపు పదేళ్ల ముందే వినబడ్డాయి. మాకు వెనక రాజ్యం నిలబడింది. టీకా ఉచితంగా ఇచ్చి, ఎవరు ఎప్పుడు వేయించుకోవాలో తానే చెప్పింది. హెండ్రాలో ఆ పని ఊరి పశువైద్యుడి మీదికి వదిలేసింది. ధర చెప్పేవాడూ, అమ్మేవాడూ, ప్రాణం పణంగా పెట్టేవాడూ, నిరాకరించేవాడూ ఒక్కడే అయినప్పుడు అతని నీతిని శంకించడం సులభం.

బీమా

యాజమాన్యం సంగతి క్లుప్తంగా. 1990లలో జాతీయ పోటీ విధానం పేరుతో రాష్ట్రాల వృత్తిచట్టాలన్నీ సమీక్షకు వచ్చాయి. పశువైద్యశాలల సొంతదారుల మీద, ప్రకటనల మీద ఉన్న పాత కట్టుబాట్లు సడలాయి. 1994లో క్వీన్స్‌లాండ్‌లో మొదలైన గ్రీన్‌క్రాస్ 2007లో షేర్ మార్కెట్టుకెక్కింది, 2014లో పెంపుడు జంతువుల దుకాణాల గొలుసుతో కలిసింది, 2019లో టీపీజీ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. బ్రిటన్‌లో ఇదే ధోరణి ఇంకా ముదిరింది. అక్కడ 2013లో పదింట ఒక వంతు ఆసుపత్రులు పెద్ద సంస్థల చేతిలో ఉంటే, పదేళ్లలో అది అరవై శాతానికి చేరింది; పోటీ నియంత్రణ సంస్థ 2023లో విచారణ మొదలుపెట్టగానే 56,000 మంది స్పందించారు. ఆస్ట్రేలియాలో బోర్డు మీద పాత డాక్టరుగారి పేరే ఉంటుంది, లోపల లెక్కలు వేరేచోట చూస్తారు. నాకిది కొత్త కాదు. మా రంగంలో స్కానింగు కేంద్రాల కథా ఇదే.

బీమా చరిత్ర ఇంకాస్త చెప్పదగినది. జంతువుల బీమా కూడా మందతోనే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివరన స్వీడన్‌లో గుర్రాలకు, పశువులకు బీమా ఉండేది. కుక్కకు తొలి పాలసీ అక్కడే 1924లో. బ్రిటన్‌లో 1947లో. అమెరికాలో 1982లో, సినిమా కుక్క లస్సీ పేరు మీద. రైతుకు ఎద్దు చస్తే నష్టం ఎంతో తెలుసు, ఎద్దు వెలే. బీమాకు అంతకన్నా సులువైన లెక్క లేదు. కుక్క విషయంలో ఆ లెక్క తారుమారైంది. సంతలో దానికి వెల లేదు; చికిత్సకు పరిమితి లేదు.

ఆస్ట్రేలియాలో ఇక్కడొక భ్రమ పనిచేస్తుంది. సూపర్ మార్కెట్లు, ఆరోగ్య నిధులు, జంతు సంక్షేమ సంఘాలు తమ తమ పేర్లతో పాలసీలు అమ్ముతాయి. వాటిలో చాలావాటి వెనక బీమా బాధ్యత వహించినది చాలాకాలంపాటు హోలార్డ్ అనే ఒకే సంస్థ, నడిపినది పెట్‌ష్యూర్ అనే ఒకే సంస్థ. బ్రాండ్లు డజన్లు, వంట ఒకే పొయ్యి మీద. ఇంకా పెద్ద భ్రమ 'ఆరోగ్య బీమా' అన్న మాటలోనే ఉంది. మనుషుల ప్రైవేటు ఆరోగ్య బీమాను 2007 నాటి చట్టం సామూహిక ధరకు కట్టిపడేసింది. జబ్బుమనిషివని ఎక్కువ ప్రీమియం అడగడానికి వీల్లేదు. కుక్క బీమా కారు బీమా జాతికి చెందినది. వయసు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, జాతిని బట్టి పెరుగుతుంది, పాలసీకి ముందే ఉన్న జబ్బు పట్టీలో ఉండదు, మోకాలి కీలుకు నిరీక్షణ కాలం వేరు, తూర్పుతీరంలో కుక్కలను చంపే పక్షవాతపు పిడుదుకు చాలా పాలసీల్లో విడిగా పరిమితి. దాని మీద జీఎస్‌టీ, రాష్ట్రాన్ని బట్టి స్టాంపు డ్యూటీ. ఆ పిడుదు మీద 1930లలో లోతైన పరిశోధన చేసినవాడు మన నోటు మీది క్లూనీస్ రాసే. గొర్రెల నుంచి తీరిక చేసుకుని ఆయన కుక్కల కోసం చేసిన పనుల్లో అదొకటి.

బీమా వల్ల బతికిన కుక్కలు నాకు తెలుసు. కూలబడిన ఆ యువకుడి కుక్కా బతికి ఉండేదేమో. కానీ బీమా ధరను అదుపు చేసే పని చేయదు. ఒక బీమా సంస్థ రక్తపరీక్షకు ఎంతివ్వాలో మెడికేర్‌లాగా నిర్ణయించదు. బిల్లులో తన వంతు శాతం చెల్లిస్తుంది, ఆ భారాన్ని మరుసటి ఏడాది ప్రీమియంలో కలుపుతుంది. బీమా ఉన్నవాడికి పూర్తి చికిత్స చేయగలిగినప్పుడు, అదే ప్రమాణమై కూర్చుంటుంది. లేనివాడికి ఆ ప్రమాణానికి తక్కువ చేస్తే వైద్యుడి మీద బోర్డుకు ఫిర్యాదు. మధ్యేమార్గంగా, ఉన్న డబ్బులో చేయగలిగినంత మంచి వైద్యం చేయడం ఒకప్పుడు పల్లె పశువైద్యుడి నేర్పు. ఆ నేర్పుకు ఇవాళ ధైర్యం కావలసి వస్తోంది.

ఇదంతా తిరిగి ఎవరి మీద పడుతోందో లెక్క తెలుసు. పశ్చిమ ఆస్ట్రేలియా, విక్టోరియా రాష్ట్రాల పశువైద్యుల ఆత్మహత్యల మీద 2008లో వెలువడిన అధ్యయనం, వారిలో ఆ రేటు సాధారణ జనాభా కన్నా సుమారు నాలుగు రెట్లని తేల్చింది. మందు అందుబాటులో ఉండటం ఒక కారణమని నిపుణులు అంటారు. మరణం రోజువారీ పనిలో భాగం కావడం ఇంకొకటి. 2023లో న్యూ సౌత్ వేల్స్ ఎగువసభ పశువైద్యుల కొరత మీద విచారణ చేపట్టి, 2024లో నివేదిక ఇచ్చింది. పల్లెల్లో ఖాళీలు, అడ్డూ అదుపూ లేని రాత్రి డ్యూటీలు, యజమానుల తిట్లు, ఎవరూ డబ్బివ్వని వన్యప్రాణుల చికిత్స, వృత్తి వదిలిపోతున్న యువ డాక్టర్లు అందులో కనిపిస్తారు. వాంగ్మూలాలు చదువుతుంటే ఆ రాత్రి నా ముందు కాగితం పెట్టిన అమ్మాయి వేలు గుర్తొచ్చింది. గోరు పక్కన కొరికిన గుర్తులు. ఆమె లోపలికి వెళ్లి ఆ సిమెంటు బూట్ల అబ్బాయి కుక్కకు చివరి సూది వేసి, చేతులు కడుక్కుని, నా కుక్క దగ్గరికి వచ్చింది.

మన ప్రాంతంలో ఇప్పుడు 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వాకిట్లోకి వస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా అన్నయ్య గేదె కోసం ఒకసారి వచ్చింది కూడా. మందులూ ఇచ్చి వెళ్లారు, రూపాయి అడగలేదు. హైదరాబాదులో మా మేనకోడలు తన లాబ్రడార్‌కు చేయించిన మోకాలి ఆపరేషను ఖర్చు విని అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "ఆ డబ్బుకు పాడిగేదె వస్తుంది కదరా" అన్నాడు చివరికి.

నిన్న మా పాలసీ పునరుద్ధరణ ఉత్తరం వచ్చింది. పాముకాటు తరువాత తీసుకున్న పాలసీ అది. కుక్కకు పదకొండో ఏడు. ప్రీమియం నిరుటి మీద బాగా పెరిగింది, మోకాలికి పరిమితి కొత్తగా చేరింది. ఆ కాగితం వంటింటి బల్ల మీద ఉంది, దాని కింద కుక్క పడుకుని ఉంది. సంతకం గడువు శుక్రవారం.